సగం నీలమైన చామంతి

పోయిన మాఘంలో మా తమ్ముడి మనవడి పెండ్లికని నన్ను తీసుకుపోయినారు. కల్యాణమండపంలో ముందు వరసలో, ఫ్యాను కింద కూర్చోబెట్టి, అందరూ వాళ్ల పనుల మీద పోయినారు. ముసలివాళ్లను పెండ్లిలో ఎట్లా చూసుకుంటారో తెలుసు గదా, చెప్పుల పక్కన పెట్టిన సంచిని చూసుకున్నట్టు, ఎవరూ ఎత్తుకుపోకుండా దూరం నుంచి ఒక కన్ను వేసి ఉంచుతారు. నేను సంచి మాదిరే కూర్చుని పెండ్లిపీటల చుట్టూ కట్టిన పూలను చూస్తా ఉన్నాను. అన్నీ చామంతులే, నీలం చామంతులు. నెమలిమెడ మాదిరి నీలం. పక్కనున్న పెండ్లివారి పిల్ల ఒకతె "అవ్వా, ఇవి బెంగుళూరు పూలు. మన పక్క పూయవు" అని నాకు పాఠం చెప్పింది. నాకు చేయి ఊరుకోదు. అందినకాడికి ఒక పువ్వు పీకి కాడ విరిచి చూసినాను. కాడ లోపల సూదిమొనంత నీలం చుక్కలు, గుండ్రంగా. "ఇది పూసిన నీలం కాదులేమ్మా, తాగిన నీలం" అన్నాను. ఆ పిల్ల నవ్వి, ముసలిదానికి ఎండ తగిలిందనుకుని, మజ్జిగ తెచ్చిచ్చింది. మజ్జిగ తాగినాను గానీ, కడుపులో ఎప్పటిదో మంట ఒకటి లేచి కూర్చుంది. అది మజ్జిగకు తగ్గేది కాదు.

నాకు సంతకం మటుకు వచ్చు. మిగిలిన అక్షరాలన్నీ నాకు చీమల బారే. అందుకని నేను చెప్తా ఉంటే నా కూతురి కూతురు రాస్తోంది. మధ్యలో "ఈ మాట రాయొద్దులే అవ్వా, బాగుండదు" అంటుంది. బాగుండదని తెలిసే చెప్తున్నాను, రాయి అంటున్నాను.

మా అత్తకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా బావ, నంద్యాలలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. చిన్నాయన మా ఆయన, ఆళ్లగడ్డలో సేద్యం. మామ చిన్నప్పుడే పోతే, అన్నే తమ్ముణ్ణి భుజాన ఎక్కించుకుని పెంచినాడంట. ఆ భుజం దిగి ఎన్నేండ్లయినా మా ఆయనకు దిగినట్టు గుర్తుండేది కాదు. అన్న ఎదురుగా వస్తే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. ఇక బావ పెండ్లాం, నాకు తోడికోడలు. నోటితో అక్కా అనేదాన్ని. కడుపుతో ఏమనేదాన్నో ఇక్కడ రాయించలేను. ఆమె చదువుకున్నది. పేపరు ముందు పేజీ నుంచి వెనక పేజీ దాకా చదివి, గొంతు సవరించుకుని, పక్కింటివాళ్లకు లోకం సంగతులు చెప్పేది. ఆమె చేతులకు పగుళ్లుండేవి కాదు. చీర మడత విప్పితే ఇస్త్రీ వాసన వచ్చేది. నా చీర విప్పినా మడిచినా పేడ వాసనే. ఆమె నడిస్తే మట్టి కూడా పక్కకు తప్పుకున్నట్టుండేది. నా వైపు వచ్చేసరికి ఆ మట్టంతా నా కాళ్లకే అంటుకునేది. ఆమెకు లేనిది ఒక్కటే, పిల్లలు. నాకున్నది ఆ ఒక్కటే. దేవుడు సరిగానే పంచినాడులే అని నేను సర్దుకుంటా ఉంటే, ఆ ఒక్కటి కూడా నడిచి ఆమె ఇంటికే పోయింది.

ఎట్లా పోయిందంటే, కర్నూలు రాజధాని అయిన ఏడు నాకు కొడుకు పుట్టినాడు. బాలింత జ్వరం పట్టుకుని లేవలేకపోయినాను. కాళ్లు ఉబ్బినాయి, కళ్లకు చీకట్లు. నంద్యాల డాక్టరు మందు సీసాల మీద సీసాలు ఇచ్చినాడు. మా పెద్దది, ఈ రాస్తున్న పిల్లకు అమ్మ, అప్పటికింకా గౌను వెనకా ముందూ తెలియక తొడుక్కునే వయసు. అక్క వచ్చి నాకు గంజి కాచి పోసి, తల దువ్వి, పోయేరోజు పాపను చంకనేసుకుని "నీకు ఒళ్లు కుదుటపడేదాకా నా దగ్గరుంటాదిలే చెల్లీ" అనింది. నేను ఆమె చేయి పట్టుకుని ఏడ్చినాను, అంత మేలు చేసేవాళ్లు ఎవరుంటారని. ఉగాదికి నా ఒళ్లు కుదుటపడింది. అప్పటికి పాపను అక్కడ పాదిరోళ్ల బడిలో వేసినారు. "ఏడు మధ్యలో బడి మాన్పిస్తే ఎట్లమ్మా?" అన్నాడు బావ. నిజమేగా అనుకున్నాము. ఆ ఏడు అయిపోయింది, ఇంకో ఏడు మొదలైంది. బడికి ఎప్పుడు చూసినా మధ్యే. చివర అనేది నాకు కనపడలేదు.

సెలవులకు వచ్చేది. శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సు దిగితే, రెండు జడలు, రిబ్బన్లు, కాళ్లకు బూట్లు. మా వీధి కుక్కలు కూడా కొత్తమనిషిని చూసినట్టు అరిచేవి. వేపపుల్ల చేతికిస్తే పండ్లపొడి అడిగేది. జొన్నరొట్టె పెడితే చుట్టూ కొరికి, నడుమ వదిలేసేది. "పెద్దమ్మ అయితే చపాతి మెత్తగా చేస్తాదమ్మా" అనేది. దానికేం తెలుసు, చిన్నపిల్ల. "పెద్దమ్మ అయితే" అనే మాట దాని నోట్లో నుంచి ఈగ మాదిరి వచ్చి నా కంట్లో పడేది. ఒకసారి పెరట్లో తుమ్మముల్లు గుచ్చుకుంది. అరికాలు పట్టుకుని కూలబడి "పెద్దమ్మా!" అని అరిచింది. ఊళ్లో ఏ పిల్లకు ముల్లు గుచ్చుకున్నా అమ్మా అనే అరుస్తుంది. అమ్మ లేని పిల్లయినా అమ్మా అనే అంటుంది. పరుగెత్తిపోయి ముల్లు తీసింది నేను. పిలుపు పోయింది నంద్యాలకు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు, దసరాకు బావ వచ్చి, భోజనం చేసి, చేయి కడుక్కుని, అసలు మాట బయట పెట్టినాడు. ఆడపిల్లను కూడా దత్తు తీసుకోవచ్చని కొత్త చట్టం వచ్చిందంట. ప్లీడరుగారే చెప్పినాడంట. "పాపను మాకు దత్తు ఇయ్యండి. మీకు కొడుకున్నాడు. ఇంకా కంటారు" అన్నాడు. మా ఆయన తలగుడ్డ చంకలోనే ఉంది. "నువ్వు అడగాల్నా అన్నా" అని నోటి దాకా వచ్చింది. నేను తలుపు చాటున గాజులు గట్టిగా కదిలించినాను. దానికి భయపడి, "క్రిస్మస్ సెలవులకు పాప వస్తాది గదా, మీరు తీసకపోనీకి వచ్చినపుడు చెప్తాం" అన్నాడు. ఇంట్లో అరిచినాను, ఏడ్చినాను. "మా అన్నకు కాదని చెప్పే నోరు నాకు ల్యా. నీకుంటే నువ్వే చెప్పుకో" అన్నాడు. సరే, నేనే చెప్తాననుకున్నాను. బావ ముందు నిలబడి మాట్లాడింది లేదు నేనెప్పుడూ. అందుకని బర్రెకు చెప్పడం మొదలుపెట్టినాను. పాలు పితికేటప్పుడు దాని పొట్టకు నుదురు ఆనించి "ఈయను బావా. నా బిడ్డను నేను ఈయను" అని. రోజూ చెప్పినాను. బర్రె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాకు ధైర్యం కుదిరింది.

పాదిరోళ్ల బడి గనక క్రిస్మస్‌కు సెలవులు ఎక్కువ. పాప వచ్చింది. ఈసారి పెట్టెలో గుడ్డలో చుట్టిన ఇంకు సీసా ఒకటి తెచ్చింది, అడుగున రవ్వంత నీలం ఇంకు. వాళ్ల సైన్సు టీచరమ్మ బడిలో ఒకటి చేసి చూపించిందంట. చెట్టు నీళ్లు ఎట్లా తాగుతుందో మనకు కనపడదు గదా, కనపడేటట్టు చేసిందంట. "అమ్మా, తెల్లపువ్వు కావల్ల. పొడుగు కాడ ఉండాల" అనింది. బట్టలు ఉతికే బండ పక్కన నా చామంతి చెట్లు విరగబూసి ఉన్నాయి. ఆ నీళ్లకు అవి ఏపుగా పెరిగేవి. నాకు పూల మీద ప్రాణం. ఇంకెవరైనా అడిగితే రేకు కూడా ఇచ్చేదాన్ని కాదు. అన్నింటికన్నా పెద్ద పువ్వును కాడతో సహా కోసిచ్చినాను.

అది అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాడను బ్లేడుతో కింద నుంచి పైకి నిలువుగా చీల్చింది, పువ్వు కింద జానెడు మటుకు వదిలి. ఇప్పుడు పువ్వుకు రెండు కాళ్లు వచ్చినాయి. అటక మీద నుంచి రెండు ఖాళీ మందు సీసాలు తీసిచ్చినాను. నా బాలింత జ్వరం నాటివి. ఏ సీసాలు తాగలేక తాగి నేను బిడ్డను దూరం చేసుకున్నానో, ఆ సీసాలే. ఒకదాంట్లో నీళ్లు పోసి ఇంకు కలిపింది. "ఇంగోదాంట్లో ఎర్ర ఇంకు పోయాల. మా టీచరు ఎర్ర ఇంకే పోసింది. యాడుందమ్మా?" అనింది. మా ఇంట్లో నల్ల ఇంకే లేదు, ఎర్ర ఇంకు యాడ నుంచి వస్తుంది? "పెద్దమ్మింట్లో ఉండాది" అనింది, ఊరికే, ఉన్న మాట. నాకు చుర్రుమనింది.

"మన ఇంట్లో ఎరుపు ల్యాకపోవడమేందే?" అని లోపలికి పోయి దేవుని గూట్లో నుంచి కుంకుమ భరిణ తెచ్చినాను. అహోబిలం స్వామి కుంకుమ. ఏడాదికొకసారి కొండకు నడిచిపోయి తెచ్చుకునేది, పండగపూటే వాడేది. చిటికెడు చాలదా అంటే కాదని, భరిణ వంచి సీసాలో పోసినాను. ఇంకు ఎంత, స్వామి కుంకుమ ఎంత! నీళ్లు దాసానిపువ్వు మాదిరి ఎర్రబడినాయి. నీలం సీసా పక్కన పెడితే నాదే వెలుగుతా ఉంది.

పాప పువ్వు కాళ్లు రెండూ రెండు సీసాల్లో దించి, చేతులు దులుపుకుని, "ఇది పెద్దమ్మ సీసా. ఇది నీ సీసా. రేపటికి పువ్వు సగం నీలం, సగం ఎరుపు అయితాది" అనింది.

"యా సగం పెద్దది అయితాది?" అన్నాను.

"రెండూ ఒగటేనమ్మా. మధ్యలోకి చీలిస్తి గదా" అనింది. నాకేమో ఆ కాడ నా పక్క రవంత సన్నగా చీలినట్టు అనిపించింది. ఒక కన్ను మూసి ఒక కన్నుతో మార్చి మార్చి చూసినాను. మా అత్త చూసి "ఏందమ్మే, పువ్వును కొలుస్తాండావా, సేని గట్టునా?" అనింది.

మరుసటి రోజు పాలు పితికి వచ్చేసరికి పాప అరుగు మీదే ఉంది. దగ్గరికి పోయి చూసినాను. పువ్వు సరిగ్గా నడిమధ్యకు గీత గీసినట్టుంది. ఒక పక్క రేకుల అంచులన్నీ నీలం, నరాలు నరాలుగా పాకి, ఆకాశం ముక్క మాదిరి. రెండో పక్క తెలుపు. ఉత్త తెలుపు. నిన్న కోసినప్పుడు ఎట్లుందో అట్లే. సీసాలో చూస్తే నా కుంకుమంతా అడుక్కు పోయి బురద మాదిరి కూర్చుంది. పైన నీళ్లు తేటగా, ఎవరూ ఏమీ కలపనట్టు, అద్దం మాదిరి ఉన్నాయి.

"అమ్మా, పెద్దమ్మ పక్క ఎక్కింది. నీ పక్క ఎక్కల్యా" అనింది పాప. బాధగా కూడా కాదు, బడిలో లెక్క చెప్పినట్టు.

మా ఆయన పండ్లు తోముకుంటా వచ్చి వంగి చూసినాడు. ఆయనకు నవ్వులాటలు యాడ చేయాల్నో, యాడ చేయకూడదో తెలిసేది కాదు, పోయేదాకా తెలియలేదు. "ఏమే, పువ్వు గూడా నంద్యాల పక్కే మొగ్గింది చూడు!" అన్నాడు.

ఆ రోజు రొట్టెలు కొడుతుంటే చప్పుడు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. రాతగాళ్ల సిరాకు ఉన్న పాటి మహిమ స్వామి కుంకుమకు లేకపోయిందా అని దేవుని మీద కూడా కోపం వచ్చింది. దేవుడు చదువుకున్నవాళ్ల పక్షమేమో అనుకున్నాను. అక్కకు పేపరు చదవడం వచ్చు. అక్కకు మెత్తటి చపాతి వచ్చు. ఇప్పుడు అక్క ఇక్కడ లేకపోయినా, గుడ్డలో చుట్టిన రవ్వంత సీసా అడుగు నుంచి లేచి, నా పెరటి పువ్వులోకి, నా ఇంటి అరుగు మీద, నా కళ్ల ముందరే ఎక్కుతోంది. ఆ మధ్యాహ్నమే వాళ్లిద్దరూ రావాలి. నేను బర్రెకు చెప్పిన మాట మనుషులకు చెప్పాలి. చెప్పే నోరు ఆ తెల్ల సగాన్ని చూసినప్పటి నుంచి ఎండుకుపోయింది. బిడ్డకు నా నుంచి ఏమీ ఎక్కడం లేదు, ఇంక ఏ మొహం పెట్టుకుని ఈయనని చెప్పేది?

పాప, మా ఆయన బస్సుకు ఎదురుపోయినారు. మా అత్త తలకు పోసుకుని, మడి చీరతో గడప దాటబోయి, అరుగు మీద సీసాను చూసింది. అడుగున ఎర్రగా ఉన్నది కుంకుమ అని కనిపెట్టింది. "అహోబిలం సామి కుంకుమను కాళ్లు తగిలే చోట పెడతారంటమ్మే? బుద్దుండాదా మీకు? తొక్కితే ఇల్లు నిలుస్తాదా?" అని, పువ్వు కాలును పక్కకు తప్పించి, సీసా తీసుకుపోయి, కుంకుమ నీళ్లు తులసమ్మ మొదట్లో పోసింది. కుంకుమ పారబోస్తే తులసి మొదట్లోనే పోయాలి, అది పద్ధతి. సీసా కడిగి బోర్లించింది. నేను వంటింట్లో నుంచి చూస్తానే ఉన్నాను. రంగు ఎక్కని సీసా ఉంటే ఏమి, పోతే ఏమి అనుకున్నాను. పువ్వు ఒక కాలు ఇంకు సీసాలో, ఒక కాలు గాలిలో పెట్టుకుని, కొంగ మాదిరి నిలబడింది. ఎండ అరుగు మీదికి ఎక్కింది.

వాళ్లు వచ్చినారు. అక్క నాకు వాయిల్ చీర తెచ్చింది, పిల్లోడికి బన్నులు తెచ్చింది. చీర ఒళ్లో పెట్టి "ఈ రంగు నీకు బాగుంటాది చెల్లీ" అనింది. చీర ఇచ్చి బిడ్డను తీసుకుపోతావా అనుకున్నాను. కానీ బాగుంది ఆ రంగు, అదింకా మంట. అందరూ అన్నాలు తిన్నారు. బావ మంచం మీద కూర్చుని, ప్లీడరు గదిలో నేర్చుకున్న పద్ధతిలో, మూడు సార్లు దగ్గి, "ఇంక మనం అనుకున్న విషయానికొస్తే" అన్నాడు. మా ఆయన తలగుడ్డ తీసినాడు. నేను తలుపు పక్కన కొంగు నోట్లో కుక్కుకుని, లోపల "ఈయను బావా, ఈయను బావా" అనుకుంటా ఉన్నాను.

అప్పుడు అరుగు మీద నుంచి పాప కేక పెట్టింది. "నా పువ్వును ఎవరు చంపినారు?"

పువ్వును రెండు అరచేతుల్లో పట్టుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. నీలం పక్క రేకులు నిక్కి ఉన్నాయి. తెల్ల పక్క రేకులన్నీ తడిగుడ్డ మాదిరి వాలిపోయినాయి.

"ఎవరూ చంపల్యామ్మే" అనింది మా అత్త. "కుంకుమ నీళ్లు తులసమ్మకు పోసినా. తొక్కుతారని."

"దానికి రంగే ఎక్కల్యా గదా తల్లీ" అన్నాడు మా ఆయన. "ఉత్త నీళ్లు. తీస్తే ఏమైతాది?"

పాప కాలు నేలకేసి కొట్టింది. "రంగెక్కకపోతే నీళ్లెక్కల్యా నాయనా? పొద్దున ఈ పక్క తెల్లగా నిక్కి ఉండ్లా? అమ్మ సీసాలో నీళ్లు తాగే గదా నిక్కింది! నిన్న నుంచి ఎక్కుతానే ఉండాయి. మీకు కనపడల్యా, అంతే!"

బావ నాలుగో సారి దగ్గబోయి ఆపుకున్నాడు. నేను తలుపు పట్టుకున్నాను. ఆ పిల్ల పువ్వు గురించే చెప్తోంది, దానికి వేరే ఏమీ తెలియదు. బడిలో టీచరు చెప్పిన పాఠం అది. నాకు మటుకు, నా ఒంట్లో నుంచి బిడ్డకు ఏదో కనపడకుండా పోతా ఉన్నదని ఎవరో మొదటిసారి చూసి చెప్పినట్టయింది.

లేచింది అక్క. పాప చేతిలో పువ్వు తీసుకుని, వాలిన రేకులను ఒక వేలితో పైకెత్తి చూసింది. తర్వాత బోర్లించిన సీసా తెచ్చుకుని నా దగ్గరికి వచ్చి, "చెల్లీ, రోన్ని మంచినీళ్లు పొయ్యి" అనింది. సీసా ఆమె చేతిలో ఉంది. నేను చెంబుతో పోసినాను. సగం ఆమె చీర మీద పోసినాను. ఆమె ఆ కాలు సీసాలో దించి, రెండు సీసాలూ గూట్లో నీడన పెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"ఆ మాట ఇంక ఎత్తొద్దండీ" అనింది.

"యా మాట?" అన్నాడు బావ.

"మీరు ఎత్తబోయే మాటే. పాప మన దగ్గర చదువుకుంటాది, సెలవులకు ఈడికొస్తాది. దత్తు వద్దు. ఈ పక్క వాడిపోతే ఆ పక్క ఎంత నీలంగా ఉంటే ఏంది?"

బావ ప్లీడరు గుమాస్తా. ఎదురు వాదనకు పది మాటలు తెలిసినవాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. మా ఆయన తలగుడ్డ తలకు చుట్టుకున్నాడు. మా అత్త ఒక్కతే "చూసినారా, నేను కుంకుమ నీళ్లు పోసింది మేలే అయ్యా" అని ఆ కీర్తి తన కొంగున కట్టుకుంది.

నేను సంతోషించాల్సింది. బిడ్డ నాకు మిగిలింది. మొక్కుకున్నది జరిగింది. కానీ వినండి, నాకు లోపల ఏమైందో. ఆ "వద్దు" నాది. దసరా నుంచి రోజూ బర్రె పొట్టకు చెప్పి చెప్పి, కొడవలి మాదిరి పదును పెట్టుకున్నది. బావ ఎదుట నిలబడి, జన్మకొక్కసారి, నా నోటితో నేను అనాల్సింది. దాన్ని కూడా ఆమే అనేసింది, తడిసిన చీరతో, మెత్తగా, నాకన్నా బాగా. బిడ్డను తీసుకుపోతే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది. ఇచ్చి పోయింది, ఇప్పుడు తిట్టుకునే దారి కూడా మూసింది. ఒక్క మంచితనమన్నా నాకు మిగిలించకూడదా?

దీపం పెట్టే వేళకు తెల్ల పక్క తల ఎత్తింది, పూర్తిగా కాదు, పిలిస్తే పలికినంత. మర్నాడు వాళ్లు పాపను తీసుకుని బస్సెక్కినారు. పాప కిటికీ నుంచి "అమ్మా, రోజూ నీళ్లు మార్చు! రెండు సీసాల్లోనూ!" అని అరిచింది. ఆ "అమ్మా" బస్టాండు మొత్తం వినింది. పక్కనే కూర్చున్న అక్క కూడా వినింది. విననీ.

ఇంటికొచ్చి నా సీసాలో నీళ్లు మార్చినాను. ఇంకు సీసాను ఎండబెడదామనుకున్నాను. పాప చెప్పింది గదా అని కొంత, ఆ పక్క వాడితే మొత్తం తల వాలుస్తుందేమో అని కొంత, దాంట్లో కూడా నేనే మంచినీళ్లు పోసినాను. అక్క వాటాకు కూడా నేనే నీళ్లు మోసినాను, చూడండి నా గతి. పువ్వు అన్నాళ్లు ఉన్నది, ఉండగలిగినన్నాళ్లు. ఎండినాక పారేయబుద్ధి కాక గూట్లోనే పెట్టినాను. ఎండేసరికి నీలం నీలంగా లేదు, తెలుపు తెలుపుగా లేదు. రెండు పక్కలా ఒకటే గడ్డి రంగు. ఏ సగం ఎవరిదో నేనే మరిచిపోయినాను.

పాప చదువుకుని, అదే నంద్యాలలో పంతులమ్మ అయింది. బడి కాగితాల్లో తండ్రి పేరు మా ఆయనదే ఉండింది. బావ పోయినాక అక్కను తన దగ్గరికే తెచ్చుకుని, చివరిదాకా చూసుకుంది. తర్వాత మా ఆయన పోయినాడు, నా నుదుటన కుంకుమ పోయింది, నన్నూ తెచ్చుకుంది. తెచ్చుకుని, అక్క పడుకున్న నవారు మంచమే నాకు వేసింది. మొదటి రోజు పడుకుంటే మంచం నడుమ పల్లం. ఎవరి ఒంటి కొలతో నాకు తెలియదా? నడుము దగ్గర ఆమె సన్నం, నాది వెడల్పు. నాకు పట్టలేదు. నవారు బిగించమని కూతురితో ఎన్నిసార్లు చెప్పినానో. "బిగిస్తాలేమ్మా" అంటుంది, బడి పని, ఇంటి పని, మరిచిపోతుంది. చచ్చి కూడా నా కింద పడుకుని నన్ను ఒత్తుతోంది అనుకునేదాన్ని, నిజంగానే.

పెండ్లి నుంచి వచ్చిన సాయంత్రం నడుము నొప్పిగా ఉండి ఆ మంచం మీద వాలినాను. పల్లం నా ఒంటికి సరిగ్గా సరిపోయింది. ఎప్పటి నుంచి సరిపోతోందో నేను గమనించలేదు. నవారు నా వైపుకు సాగిందో, నేనే ఆమె కొలతకు తగ్గినానో, ఎవరు చెప్తారు? కాలం కూడా నా సీసాలో నీళ్ల మాదిరిదే, రంగు లేదు గదా, ఎక్కేటప్పుడు కనపడదు.